ఇంట్లో దంత సంరక్షణ

పళ్లు, చిగుళ్లు చెడిపోకుండా మనిషి రోజూ తన చేతులతో చేసుకునే పనులన్నీ దీని కిందకు వస్తాయి. తోముకోవడం, పళ్ల సందులు శుభ్రం చేసుకోవడం, తీపిని అదుపులో పెట్టుకోవడం, నోట్లో వచ్చే మార్పులను కనిపెట్టి వేళకు వైద్యుడికి చూపించుకోవడం ఇందులో ముఖ్యమైనవి. పళ్లను పోగొట్టే రెండు పెద్ద జబ్బులు పిప్పి, చిగుళ్ల వ్యాధి. రెండూ చాలావరకు రాకుండా ఆపుకోదగ్గవే. తెలుగు ఇళ్లలో తోముకోవడం పొద్దుటి శుచిలో భాగం. పాచినోటితో కాఫీ తాగితే పెద్దవాళ్లు ఊరుకోరు. రాత్రి భోజనం తర్వాత తోముకునే అలవాటు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా కుదురుకోలేదు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. కాబట్టి పంటికి రక్షణ తక్కువగా ఉండే వేళ అదే. రోజుకు ఒక్కసారే తోముకునేవాళ్లు ఆ ఒక్కసారినీ రాత్రికి మార్చుకున్నా మేలే.

పన్ను, చిగురు

పంటి మీద కనిపించే తెల్లటి పొర ఎనామిల్. మనిషి ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అయితే అందులో జీవకణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామిల్‌కు గుంట పడితే మాత్రం దానంతటది పూడదు. నరం కూడా లేదు కనుక పుచ్చు పైపొరలో ఉన్నంతకాలం నొప్పి తెలియదు. చల్లనీళ్లకు పన్ను జివ్వుమందంటే దెబ్బ కింది పొర అయిన డెంటిన్‌ను చేరి ఉండవచ్చు, లేదా చిగురు దిగిపోయి వేరు బయటపడి ఉండవచ్చు. డెంటిన్‌లోని సన్నని గొట్టాలు లోపలి గుజ్జు వైపు సాగుతాయి. నరాలు, రక్తనాళాలు ఉండేది ఆ గుజ్జులోనే. రాత్రంతా నిద్రపోనివ్వని పోటు మొదలయ్యేసరికి వాపు సాధారణంగా గుజ్జు దాకా వెళ్లి ఉంటుంది.

పంటి వేరు దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. నారపోగుల్లాంటి బంధం రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ఆ కట్టుకు పైన కాపలా చిగురు. ఆరోగ్యంగా ఉన్న నోట్లో పంటికీ చిగురు అంచుకూ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు సందు ఉంటుంది. తోమడంలో కుంచె చేరవలసిన చోటు అదే, చాలామందికి చేరనిదీ అదే.

పాచి, గార

తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు పంటి మీద పల్చటి పొరగా పరుచుకుంటాయి. దాని మీద సూక్ష్మజీవులు అంటుకుంటాయి, తమ చుట్టూ జిగురు అల్లుకుంటాయి. ఒక రోజు గడిచేసరికి గోటితో గీస్తే వచ్చేంత దళసరి అవుతాయి. ఇదే పాచి. పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి అద్దంలో తేలిగ్గా కనిపించదు. నీళ్లు పుక్కిలిస్తే పోదు, రాపిడి కావాలి. తొలగించకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి రాయిలా గట్టిపడి గార అవుతుంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది కింది ముందుపళ్ల వెనుక, పై దవడపళ్ల బుగ్గ వైపు. గార ముందుగా పేరుకునేది కూడా అక్కడే. గట్టిపడ్డ గారను ఏ బ్రష్షూ, ఏ పొడీ తీయలేవు. దాన్ని దంతవైద్యుడే పరికరంతో తీయాలి.

డచ్చి వర్తకుడు ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ తన పళ్ల నుంచి గీకిన తెల్లటి పదార్థాన్ని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినితో చూశాడు. అందులో చిన్నచిన్న జీవులు చకచకా కదులుతున్నాయని 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఈ జీవులు పిండిపదార్థాలను, చక్కెరను పులియబెట్టి ఆమ్లం చేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందని బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890 నాటి తన గ్రంథంలో వివరించాడు. ఆమ్లం చేసేవాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను 1924లో కిలియన్ క్లార్క్ వర్ణించాడు. పంటిలో పురుగు చేరి తొలిచేస్తుందన్న నమ్మకం అంతకన్నా ఎంతో పాతది, చాలా దేశాల్లో ఉన్నదే. పసరు పోసి పంటి పురుగు తీస్తామంటూ అరచేతిలో తెల్లటి పురుగులు చూపించేవాళ్లు మన సంతల్లోనూ ఉండేవారు. ఆ పురుగులు వాళ్లు వెంట తెచ్చుకున్నవే.

చక్కెర నోట్లో పడిన కొద్ది నిమిషాల్లో పాచి కింద ఆమ్లత్వం పెరుగుతుంది. పీహెచ్ విలువ సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్‌లోంచి ఖనిజం జారిపోవడం మొదలవుతుంది. అరగంట నుంచి గంట లోపల లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేరుస్తుంది. కరగడం, పూడడం రోజంతా ఇలా నడుస్తూనే ఉంటాయి. పూడే తీరిక ఇవ్వకుండా మాటిమాటికీ తీపి తగిలిస్తుంటే పుచ్చు పడుతుంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. 1940లలో అక్కడి మానసిక వికలాంగుల మీద, వాళ్ల సమ్మతి లేకుండా, పళ్లకు అతుక్కునే టాఫీలు తినిపించి ప్రయోగాలు చేశారు. వైద్యనీతి చరిత్రలో అది మచ్చగా మిగిలింది. అయినా భోజనంతో పాటు తిన్న తీపి కన్నా, మధ్య మధ్య తినే అంటుకునే తీపే పళ్లను ఎక్కువ పాడుచేస్తుందన్న సంగతి అక్కడి నుంచే స్పష్టంగా తెలిసింది.

దీన్నిబట్టి పండగ పూట విస్తట్లో తిన్న రెండు బొబ్బట్ల కన్నా, ఆఫీసులో గంటగంటకూ తాగే చక్కెర టీ పళ్లకు చేటు. బెల్లమైతే పరవాలేదు, తేనె అయితే మంచిదే అనుకోవడం పళ్ల విషయంలో చెల్లదు. సూక్ష్మజీవులకు అన్నీ ఒకటే. బిస్కట్లు, చిప్స్ పెద్ద తీపిగా అనిపించవు గానీ దవడపళ్ల గుంటల్లో ముద్దకట్టి గంటల తరబడి ఉండిపోతాయి. కూల్‌డ్రింకులదీ నిమ్మరసానిదీ ఇంకో దారి. వాటిలోని ఆమ్లం సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. అవి తాగిన వెంటనే తోముకుంటే మెత్తబడిన పొర అరిగిపోతుంది. మామూలు నీళ్లు పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి.

చిగుళ్ల నుంచి రక్తం

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లో, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు వెల్లడించారు. చిగుళ్లు బాగున్న 12 మంది పళ్లు తోముకోవడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో తగ్గిపోయింది. చిగుళ్ల వాపుకు మూలం పాచే అని ఇంత సూటిగా చూపిన పరిశోధన మరొకటి లేదు.

ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. తోముతుంటే ఉమ్మిలో ఎర్రగా కనిపిస్తే బ్రష్షు గుచ్చుకుందనుకుని, ఆ వైపు తోమడం మానేస్తారు. పాచి ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా వస్తుంది. నిజానికి రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్షుతో, నెమ్మదిగా, ఇంకాస్త శ్రద్ధగా తోమాలి. వారం, పది రోజుల్లో రక్తం ఆగితే అది పాచి పనే. ఆగకపోతే చిగురు కింద గార ఉండవచ్చు, మధుమేహమో మరో జబ్బో కావచ్చు, వైద్యుడు చూడాలి.

ఈ తొలి దశను వదిలేస్తే కొందరిలో వాపు లోపలికి పాకి, పంటిని పట్టుకున్న బంధాన్నీ ఎముకనూ తినేస్తుంది. చిగురు దిగిపోతుంది, పళ్ల మధ్య ఖాళీలు వస్తాయి, నోరు వాసన వేస్తుంది, చివరికి పన్ను కదులుతుంది. ఇదంతా పెద్దగా నొప్పి లేకుండానే ఏళ్ల తరబడి సాగుతుంది. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. పుచ్చుపన్ను నొప్పి పెట్టి మనిషిని ఆసుపత్రికి నడిపిస్తుంది, చిగుళ్ల జబ్బు ఆ మాత్రం హెచ్చరిక కూడా చేయదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర బలంగా ఉంది. ఎముక కరిగిపోయిన పళ్లను ఇన్నాళ్లూ గార గడ్డలే ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి. గార తీయగానే అసలు వదులు బయటపడుతుంది, అంతే. మొదట కొన్నాళ్లు జివ్వుమనడం కూడా మామూలే.

తోమే తీరు

అమెరికాలోని లూసియానాకు చెందిన వైద్యుడు చార్లెస్ బాస్ 1940లలో ప్రచారం చేసిన పద్ధతినే ఈనాటికీ దంతవైద్యులు కొద్ది మార్పులతో నేర్పుతున్నారు. బ్రష్షు కుంచెను పంటికీ చిగురుకూ కలిసే గీత మీద, చిగురు వైపు 45 డిగ్రీల వాలుగా ఆనించాలి. గట్టిగా నొక్కకుండా, ఒక్కొక్క చోట రెండు మూడు పళ్ల మేర, ఉన్నచోటే చిన్న చిన్న కదలికలతో ఆడించాలి. తర్వాత చిగురు నుంచి పంటి కొస వైపు తుడిచినట్టు లాగాలి. బయటి వైపు, లోపలి వైపు, నమిలే తలం, ఈ మూడూ అయితేనే ఆ పన్ను అయినట్టు. మొత్తం నోటికి రెండు నిమిషాలు పడుతుంది. గడియారం చూసుకుంటే గానీ రెండు నిమిషాలు ఎంతసేపో తెలియదు. ఒక వరసలో వెళ్లాలి, లేకపోతే కనిపించే ముందుపళ్లు నాలుగుసార్లు రుద్దుకుని, చిట్టచివరి దవడపన్నును, కింది పళ్ల నాలుక వైపును మరిచిపోతారు. చాలామంది నోట్లో జబ్బు మొదలయ్యేది ఆ మరిచిన చోట్లే.

బ్రష్షు తల చిన్నది, కుంచె మెత్తనిది ఎంచుకోవాలి. గట్టి కుంచె అయితేనే పళ్లు తళతళలాడతాయనుకుని కొనేవాళ్లు ఎక్కువ. అడ్డంగా, బలంగా రాపాడితే చిగురు కిందికి జరుగుతుంది, పంటి మొదట్లో వీ ఆకారపు గాడి పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ వైపు కోరపన్ను దగ్గర ఈ గాడి తరచూ కనిపిస్తుంది. కుంచె విచ్చుకుపోయినా, మూడు నెలలు దాటినా బ్రష్షు మార్చాలి. ఇంటిల్లిపాదికీ ఒకే పేస్టు పరవాలేదు గానీ ఒకే బ్రష్షు పనికిరాదు. చేతులు వణికే పెద్దవాళ్లకు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు కరెంటు బ్రష్షు నిజంగా సాయం. మిగతావాళ్లకు అది సౌకర్యమే గానీ అవసరం కాదు.

తోమాక నురుగు ఉమ్మేస్తే చాలు. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. మనకు ఇది మింగుడుపడని సలహా. నోరు కడుక్కోకుండా తోమడం ముగిసినట్టే అనిపించదు. కనీసం రాత్రి పూటైనా పాటించవచ్చు.

బ్రష్షు కుంచె రెండు పళ్లు ఆనుకునే చోటికి వెళ్లదు. అక్కడికి ఫ్లాస్ దారం, లేదా సందులు వెడల్పుగా ఉంటే చిన్న సందుబ్రష్షు వాడాలి. దారాన్ని రంపంలా లాగి చిగురులో దించకూడదు, ఒక్కో పంటి పక్కకు హత్తి పైకీ కిందికీ జరపాలి. అగ్గిపుల్ల, గుండుసూది, పిన్నీసు చిగురును గాయపరుస్తాయి. ఒకే సందులో రోజూ మాంసమో పీచో ఇరుక్కుంటోందంటే అక్కడ పుచ్చో, చిగుళ్ల జబ్బో మొదలైందని అనుమానించాలి. నాలుకబద్ద మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. నాలుక వెనుక భాగంలో పేరుకునే పాచే నోటి దుర్వాసనకు ఒక ముఖ్య కారణం కాబట్టి ఆ అలవాటు మంచిదే. డోకు వచ్చేలా గీసుకోనక్కర లేదు.

పందుంపుల్ల, పళ్లపొడి, పేస్టు

వేప, కానుగ, ఉత్తరేణి, తుమ్మ పుల్లలు తెలుగు పల్లెల్లో నిన్నమొన్నటి దాకా నిత్యవాడకం. సుశ్రుత సంహిత దంతకాష్ఠం పన్నెండు అంగుళాల (వేలి వెడల్పుల) పొడవు, చిటికెన వేలంత లావు ఉండాలని, కణుపులు లేనిదై ఉండాలని నిర్దేశించింది. కొసను బాగా నమిలి మెత్తటి కుంచెలా చేసుకుంటే పుల్ల ముందుపళ్ల పాచిని బాగానే తీస్తుంది. కానీ దవడపళ్ల లోపలి వైపుకు అది తిరగదు. వేపలో సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది, ఫ్లోరైడ్ లేదు. పుల్లతోనే తోముకుంటామనేవాళ్లు పొద్దున పుల్ల వాడి, రాత్రి బ్రష్షు పట్టుకుంటే రెండూ కలిసివస్తాయి.

కచ్చిక బూడిద, బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు సంగతి వేరు. అవి పాచితో పాటు పంటిని కూడా అరగదీస్తాయి. ఎనామిల్ పల్చబడితే కింద ఉన్న పసుపుపచ్చని డెంటిన్ బయటికి కనిపిస్తుంది. తెల్లదనం కోసం రుద్దినకొద్దీ పళ్లు పచ్చబడేది అందుకే. ఈమధ్య బొగ్గు కలిపిన పేస్టులు ఖరీదైన డబ్బాల్లో తిరిగి వచ్చాయి. డబ్బా మారినా బొగ్గు బొగ్గే. పేస్టు ట్యూబు చివర కనిపించే రంగుచారను బట్టి లోపల రసాయనమో మూలికో చెప్పవచ్చన్నది కూడా వట్టిమాట. అది ట్యూబును కత్తిరించే యంత్రానికి గుర్తు.

నువ్వులనూనె పుక్కిలించడం ఆయుర్వేదంలో గండూషం, కవలం పేర్లతో ఉంది. 1990లలో ఆయిల్ పుల్లింగ్ పేరుతో తెలుగునాట ఇంటింటికీ పాకింది. సకల రోగాలకూ అదే మందు అన్న ప్రచారానికి ఆధారం లేదు. నోరు కొంత శుభ్రపడవచ్చు గానీ బ్రష్షుకు అది బదులు కాదు. వైద్యులు రాసే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి మందు నిజంగా పనిచేస్తుంది, కానీ వారాల తరబడి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియదు. చెప్పినన్ని రోజులే వాడాలి.

ఫ్లోరైడ్ మంచిచెడులు

తెలుగువాళ్లకు ఫ్లోరైడ్ అనగానే గుర్తొచ్చేది పేస్టు కాదు, ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ నల్లగొండ. మందు, జబ్బు రెండూ ఒకే పేరుతో ఉండటం వల్ల ఇక్కడ కొంత వివరం కావాలి.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో వైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు గమనించాడు. ఆ పళ్లు అందంగా లేకపోయినా పుచ్చకపోవడం ఆయనను ఆశ్చర్యపరిచింది. తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ వ్యాధి మనుషుల్లో ఉన్నట్టు తొలి శాస్త్రీయ నివేదిక 1937లో నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే వచ్చింది. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. రాతినేల లోతుల్లోంచి తోడిన బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే, చిన్నతనంలో ఆ నీళ్లు తాగిన పిల్లలకు వచ్చే శాశ్వత దంతాల మీద సుద్దచారలు, గోధుమ మరకలు, గుంటలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చి తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ పొరపాటు ఇళ్లలో తరచూ జరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు.

పేస్టులోని ఫ్లోరైడ్ పనిచేసేది పంటి పైన. ఆమ్లం వల్ల ఖనిజం పోయిన చోట అది చేరి, ఆ పొరను ఆమ్లానికి లొంగకుండా చేస్తుంది. పేస్టును మింగం కాబట్టి పెద్దవాళ్లకు, ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో కూడా, దీనివల్ల మరకలు రావు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల పళ్లు దవడలో ఇంకా తయారవుతుంటాయి, వాళ్లు పేస్టు మింగేస్తారు కూడా. కాబట్టి జాగ్రత్త వాళ్ల విషయంలోనే. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా పామడం పిల్లలకే కాదు, ఎవరికీ అక్కర లేదు. బోరునీళ్లే తాగే ఊళ్లలో పిల్లల పేస్టు సంగతి దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

వయసును బట్టి

పాలపళ్లు 20. సుమారు ఆరో నెల నుంచి రెండున్నరేళ్ల లోపు వస్తాయి. ఎలాగూ ఊడిపోయేవే కదా అని వదిలేయడం తప్పు. అవి శాశ్వత దంతాలకు చోటు కాపాడతాయి, ముందే తీసేయాల్సి వస్తే వెనుకవి పక్కకు ఒరిగి వంకరగా వస్తాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పై ముందుపళ్లు వరసగా పుచ్చిపోతాయి. ఆరో ఏట వచ్చే దవడపన్ను దగ్గర తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతారు. అది ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటికన్నా వెనుక వస్తుంది, దాంతో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. జీవితాంతం నమలవలసిన ఆ పన్నే ఎక్కువమందిలో ముందుగా పుచ్చుతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల పళ్లు పెద్దవాళ్లే తోమాలి, కనీసం దగ్గర నిలబడి చూడాలి.

గర్భిణుల్లో హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఉబ్బి రక్తం వస్తుంది. దంతవైద్యం చేయించుకోకూడదని ఆపాల్సిన పని లేదు, నాలుగు నుంచి ఆరో నెల మధ్య కాలం అందుకు వీలైనది. మధుమేహం, చిగుళ్ల వ్యాధి ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా చెడతాయి, చిగుళ్లలో వాపు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టం. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బెత్తుగా పెంచుతాయి. అలాంటప్పుడు మందు మానకుండా రాసిన వైద్యుడికి చెప్పాలి. కట్టుడుపళ్లు రాత్రి తీసి, మెత్తటి బ్రష్షుతో సబ్బు పెట్టి కడిగి, నీళ్లలో వేసి ఉంచాలి.

పొగాకు

పొగ తాగేవాళ్ల చిగుళ్లు లోపల చెడుతున్నా పైకి రక్తం తక్కువగా వస్తుంది. పొగాకు రక్తనాళాలను కుంచింపజేసి ఉన్న ఒక్క హెచ్చరికనూ నొక్కేస్తుంది. పళ్లపొడి, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. ఖైనీ, గుట్కా పెట్టుకునే చోట చిగురు దిగిపోతుంది, బుగ్గ లోపలి పొర తెల్లబడుతుంది. వక్క ఎక్కువగా నమిలేవాళ్లలో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం. నోట్లో ఏ పుండైనా, తెల్ల లేదా ఎర్ర మచ్చైనా రెండు వారాల్లో మానకపోతే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి.

ఇంటి వైద్యం ఎంతవరకు

పంటిపోటుకు లవంగనూనె కాసేపు ఉపశమనం ఇస్తుంది. అందులోని యూజినాల్‌కు తిమ్మిరెక్కించే గుణం ఉంది, దంతవైద్యులు కూడా దాన్ని వాడతారు. దూదితో కొద్దిగా పంటి గుంటలోనే పెట్టాలి, చిగురుకు తగిలితే పొక్కుతుంది. నొప్పి మాత్రను పొడి చేసి చిగురు మీద పెట్టడం వల్ల అక్కడ కాలిన పుండు పడుతుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించడం నిరపాయం. నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గిందని కాదు, గుజ్జు చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ పుచ్చును పూడ్చదు. పైపన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయంతో వాయిదా వేసేవాళ్లూ ఉన్నారు. పంటికీ కంటిచూపుకూ అలాంటి సంబంధం లేదు. దవడ కింద వాపు, జ్వరం, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం కలిసి వస్తే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. వాపు గొంతుకు పాకి ఊపిరి ఆడకుండా చేయగలదు.

దెబ్బ తగిలి శాశ్వత దంతం వేరుతో సహా ఊడివస్తే దాన్ని తెల్లటి పైభాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి ఉంటే పాలతోనో చల్లనీళ్లతోనో ఒక్క క్షణం కడిగి, ధైర్యం ఉంటే అదే గుంటలో తిరిగి గుచ్చి గుడ్డ కరిపించాలి. లేకపోతే పాలలో వేసి తీసుకెళ్లాలి, నీళ్లలో వేస్తే వేరు మీది కణాలు చచ్చిపోతాయి. అరగంట లోపల వైద్యుడి దగ్గరకు చేరితే పన్ను నిలిచే అవకాశం బాగా ఉంటుంది. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు, కింద తయారవుతున్న పంటి మొలకకు దెబ్బ తగులుతుంది.